హీరో చావని సినిమా

కాళేశ్వరం దాటాక గోదావరి వంతెన మధ్యలో బండి ఆపించండి. సాయంత్రం ఐదున్నర అయింది. ఎడమ వైపు చూస్తే ప్రాణహిత దిగి వచ్చి గోదావరిలో కలిసే చోటు కనబడుతుంది. కుడి వైపు నది మేడిగడ్డ బ్యారేజీ దాకా పరుచుకుని ఉంటుంది. మీ వెనక తెలంగాణ. అక్కడ వైన్ షాపుల్లో లైట్లు వెలిగే వేళ. ఎదురుగా మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. అక్కడ 1993 నుంచి మద్యనిషేధం. నదికి ఈవల అమ్మకం, ఆవల నేరం. మధ్యలో ఈ వంతెన. వంతెన కట్టక ముందు పడవలే దిక్కుగా ఉన్న ఊళ్ళకు ఇప్పుడిది కొద్ది నిమిషాల దారి.

ఒక బైకు మీద ముగ్గురు కుర్రాళ్ళు మిమ్మల్ని దాటుకుని పోతారు. మధ్యలో కూర్చున్నవాడి ఒళ్ళో కాలేజీ బ్యాగు ఉంది. అందులో ఏముందో మీకు తెలియదు. వాడి అవ్వకూ తెలియదు.

నా సినిమా ఇక్కడ మొదలవుతుంది.

సినిమా అంటున్నాను గాని ఇది ఏ తెర మీదా ఆడలేదు. మత్తుకు అలవాటు పడ్డ ఒక కుర్రాడు, వాడి అవ్వ (అమ్మ), బాపు (నాన్న), అక్క. ఈ నలుగురి కథ చాలాకాలంగా నా తలలో ఆడుతోంది. మనుషులు నలుగురూ కల్పితం. చుట్టూ ఉన్న ఊరు, చట్టం, జబ్బు, వైద్యం నిజం. ఇవాళ మీరు నాతోపాటు కెమెరా వెనక నిలబడండి. ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను, ఈ కెమెరా పబ్బుకు పోదు. మత్తు మీద కథ అనగానే మన సినిమా రంగు లైట్లు వేస్తుంది, ఓడరేవులో కంటైనర్ దింపుతుంది, తెల్ల సూటు విలన్‌ను పెడుతుంది. చూసే తండ్రి ఊపిరి పీల్చుకుంటాడు, తన కొడుకు అలాంటి చోటికి పోడు కాబట్టి. ఆ తండ్రికి ఆ ఊరట ఇవ్వకూడదన్నదే నా పట్టుదల.

అందుకే మొదటి సీను పాన్‌ఠేలా దగ్గర.

సిరొంచలో బడి వదిలిన వేళ. రేకు డబ్బా, లోపల ఒక బల్బు. ఠేలా అతను మందపాటి ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద సుపారీ ముక్కలు పోస్తాడు. పైన పొగాకు, వేలితో తీసిన సున్నం. కాగితం మడిచి, చెక్క మీద పెట్టి, అరచేత్తో అదిమి ముందుకీ వెనక్కీ రుద్దడం మొదలుపెడతాడు. కెమెరాను ఆ చేతి మీదే ఉంచుదాం. సుపారీ గరగరలాడే చప్పుడు కొద్దికొద్దిగా మెత్తబడుతుంది. ముక్కలకు పొగాకు, సున్నం పట్టి ముదురు రంగుకు తిరుగుతాయి. ఘాటు మీ ముక్కుకు కూడా తగులుతుంది. దాన్ని చిన్న ప్లాస్టిక్ ముక్కలో పోసి, మెలిపెట్టి చేతికిస్తాడు. విదర్భలో ఈ కొస నుంచి ఆ కొస దాకా దీన్ని ఖర్రా అంటారు. మహారాష్ట్ర 2012లోనే గుట్కాను నిషేధించింది. ఖర్రాకు కంపెనీ లేదు, కవరు లేదు, కవరు మీద హెచ్చరిక బొమ్మ లేదు. కళ్ళ ముందు తయారై కళ్ళ ముందే నోట్లోకి పోతుంది.

దాన్ని అందుకున్న చెయ్యి చిన్నది. ఏడో క్లాసు పిల్లాడు.

"బాపు తెమ్మన్నడు" అంటాడు ఎవరూ అడగకుండానే.

నిజమే, బాపే తెమ్మన్నాడు. ఊళ్ళో ఏ పిల్లాడినైనా ఏదో ఒకరోజు పంపని ఇల్లుంటుందా? పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల చేతికి మత్తు పదార్థమో పొగాకో ఇస్తే బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా అంటుంది. ఆ సంగతి ఠేలా అతనికీ తెలియదు, బాపుకూ తెలియదు. పిల్లాడు మలుపు తిరిగాక పొట్లం విప్పి రెండు పలుకులు నోట్లో వేసుకుని మళ్ళీ మెలిపెడతాడు. తల తిరుగుతుంది. గోడ పట్టుకుని నిలబడతాడు. మళ్ళీ నడుస్తాడు. ఈ షాటుకు సంగీతం వద్దు. ఆటో హారన్లు, మేకల అరుపులు, అంతే.

రెండో సీనుకు నాలుగైదేళ్ళు గడిచిపోయాయి. ఇల్లు చూడండి. వసారాలో ఎండు మిరపకాయల బస్తాలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. ఈ గోదావరి ఒడ్డు భూముల్లో మిరప, పత్తి పండిస్తారు. కల్లంలో ఎండిన కాయ లారీ ఎక్కి వరంగల్ ఏనుమాముల మార్కెట్ దారి పడుతుంది. ఇంట్లో గాలి పీలిస్తేనే మీకు తుమ్ము వస్తుంది. వంటింట్లో అవ్వ నలుగురికీ వడ్డిస్తోంది. అన్నం, పప్పు, కొత్తకారం నూరిన తొక్కు.

"ఏందిరా, తొక్కు ముడుతలేవు?"

"నోరు మండుతది అవ్వా."

"మిరప తోటల పుట్టినోనికి కారం మండుడేందిరా?"

అందరూ నవ్వుతారు. అక్క నవ్వదు. ఆమె చంద్రాపూర్‌లో నర్సింగ్ చదువుతోంది, సెలవులకు వచ్చింది. తమ్ముడు ముద్దను చిన్నగా చేసి, పెదవుల మధ్య నుంచి తోసుకుంటూ తినడం ఆమె గమనించింది. చేయి కడుక్కున్నాక వాణ్ణి వాకిట్లోకి పిలుస్తుంది.

"నోరు తెరువ్. నీ మూడు ఏళ్ళు నిలువుగా పెట్టు."

మూడు వేళ్ళు పట్టవు. రెండు పట్టడానికే వాడి దవడ వణుకుతుంది.

ఈ ఒక్క షాటు కోసం ఈ సినిమా తీయాలనుకుంటాను. సుపారీ నమిలే నోట్లో బుగ్గల లోపలి పొర మెల్లగా బిగుసుకుపోతుంది. ముందు కారం తగిలితే మంట. తర్వాత బుగ్గ లోపల తెల్లబారి గట్టిపడుతుంది. ఆ తర్వాత నోరు తెరుచుకోవడం తగ్గుతూ వస్తుంది. వైద్యులు దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. నోటి క్యాన్సర్‌కు దారి తీయగల జబ్బు ఇది, బిగిసిన బుగ్గ మళ్ళీ మునుపటిలా కావడం కష్టం. పదిహేడేళ్ళ పిల్లాడు అన్నం ముద్ద పట్టనంతగా నోరు బిగబట్టుకుని కూర్చుంటే, అది మత్తు కథలో మొదటి అంకమని మన సినిమాల్లో ఎవరైనా చూపించారా? సూది, తెల్లపొడి చూపించారు. పిల్లాడి బుగ్గ లోపల ఏం జరుగుతోందో చూపించలేదు.

అక్క వసారాలోకి వచ్చి నిలబడుతుంది. బాపు గోడకు ఆనుకుని, నోట్లో ఖర్రా పెట్టుకుని, మిరప ధర గురించి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆమె చెప్పబోయి ఆగుతుంది. ఎవరికి చెప్పాలి? ఆయన నోట్లో ఉన్నదే తమ్ముడి నోట్లోనూ ఉంది.

మూడో అంకం తొందరగా దాటేద్దాం, ఇది మీరు చాలాసార్లు చూసిందే. వాడు నది దాటి తెలంగాణలో ఒక పట్నంలో డిప్లొమాకు చేరతాడు. హాస్టల్ గదిలో గంజాయి. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు కొండల్లో పండే సరుకు తెలంగాణ మీదుగా మహారాష్ట్రకు పోతుంది, దారి పొడుగునా కొంత రాలుతుంది. ఆ తర్వాత కల్లు. తాటి కల్లు గురించి కాదు నేను చెప్పేది. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్ళ గురించి. నిద్రమాత్రల పొడి కలిపితే అసలు కల్లు ఎంత ఉన్నా లేకున్నా మత్తెక్కుతుంది. తెలంగాణలో ఇది ఎంత లోతుకు పాకిందో 2015 సెప్టెంబరులో బయటపడింది. కల్తీ మీద దాడులు పెరిగి సరఫరా తగ్గేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం ఫిట్లతో, వణుకుతో, పిచ్చి చూపులతో ఆస్పత్రులకు వచ్చి పడ్డారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల కిటకిటలాడింది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. మన కుర్రాడు కొన్నాళ్ళకు కల్లు కూడా మానేసి నేరుగా గోళీలకే దిగుతాడు. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే చోటు వాడికి తెలుసు. ఇంటికి ఫోన్ చేసి పరీక్ష ఫీజు అంటాడు. బాపు ఏనుమాముల నుంచి తిరిగొస్తూ దారిలోనే పైసలు పంపుతాడు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ వైద్యులు చేసి 2019లో వెలువరించిన జాతీయ సర్వే, పది నుంచి డెబ్బై ఐదేళ్ళ వయసున్న వాళ్ళలో 14.6 శాతం మంది మద్యం, 2.8 శాతం మంది గంజాయి, భంగు లాంటివి వాడుతున్నారని తేల్చింది. అందులో నన్ను బాగా కలవరపెట్టిన అంకె వేరు. సొల్యూషన్, వైట్‌నర్ లాంటివి పీల్చే అలవాటు పెద్దవాళ్ళలో 0.58 శాతమైతే, పది నుంచి పదిహేడేళ్ళ పిల్లల్లో 1.7 శాతం. పంక్చర్ షాపులో దొరికే ట్యూబుకు ఏ స్మగ్లరూ అక్కర్లేదు.

నాలుగో అంకం దగ్గర మనం కాసేపు ఉందాం. ఇది అవ్వ కథ. కొడుకు సెలవులకు ఇంటికొచ్చి ఉన్నాడు.

రాత్రి తొమ్మిది. ఊరి చివర చింతచెట్టు కింద పదిహేను మంది ఆడవాళ్ళు. చేతుల్లో సెల్‌ఫోన్ లైట్లు. మీరు వాళ్ళ వెనక నడవండి, చెప్పులు చేతిలో పట్టుకోండి. వాగు ఒడ్డున పొదల్లో ఇప్పపూల ఊట నింపిన డ్రమ్ములు దాచి ఉన్నాయని కబురొచ్చింది. పుల్లటి వాసన దూరం నుంచే తెలుస్తోంది. ముందు నడుస్తున్నది మన అవ్వే. ఊరి సంఘంలో ఆమె మాటకు బలముంది.

ఈ జిల్లా ఆడవాళ్ళకు ఇది కొత్త కాదు. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గడ్చిరోలి దగ్గర శోధగ్రామ్‌లో ‘సెర్చ్’ సంస్థ నడుపుతూ, ఊరూరా జనంతో కలిసి 80ల చివర నుంచి మద్యం మీద పోరాడారు. ఆ పోరాటమే 1993లో జిల్లా మద్యనిషేధంగా అమల్లోకి వచ్చింది. పక్కన చంద్రాపూర్‌లో 2015లో నిషేధం పెట్టి 2021లో ఎత్తేశారు. గడ్చిరోలిలో అది నిలబడింది. 2016లో ప్రభుత్వం, సెర్చ్, టాటా ట్రస్టులు కలిసి ‘ముక్తిపథ్’ మొదలుపెట్టి, మద్యంతోపాటు పొగాకు మీద కూడా ఊరి సంఘాలను కదిలించాయి. చట్టం కాగితం మీద ఉంటే సరిపోదని, రాత్రిపూట వాగు ఒడ్డుకు నడిచే కాళ్ళు కావాలని ఈ ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన రోజులూ దాదాపు ఇవే. భాష ఒకటే, నది వేరు.

డ్రమ్ము ఒరిగింది. ఊట నేల మీద పారుతోంది. ఆడవాళ్ళు కేకలు వేస్తున్నారు. ఆ సందడిలో ఒకామె అవ్వ చెవి దగ్గరికి వచ్చి అంటుంది:

"ఊరందరి సీసాలు పట్టవడ్తివి అక్కా. మీ పిలగాడు ఊగుకుంట నడుస్తుండని మా ఆయన అన్నడు. ఒక్కసారి సూసుకో."

కెమెరా అవ్వ మొహం మీదికి పోకూడదు. ఆ మొహం చూపిస్తే అది సీరియల్ అవుతుంది. ఆమె కాళ్ళ మీద ఉంచుదాం. పారుతున్న ఊటలో తడిసిన కాళ్ళు. అందరూ ఇంటిదారి పట్టినా ఆ కాళ్ళు కదలవు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఆమె కొడుకు బ్యాగు గుమ్మరిస్తుంది. మాత్రల అట్టలు. వెండిరంగు అట్టల మీద ఆమె చదవలేని అక్షరాలు. బాపు బయటి నుంచి వచ్చి చూస్తాడు. కొడతాడు, తిడతాడు, చివరికి మన సినిమాల్లో తండ్రులందరూ చేసే పనే చేస్తాడు. కొడుకును గదిలోకి తోసి గొళ్ళెం పెడతాడు.

"నాలుగు దినాలు గిట్లనే ఉండని. అన్నీ దిగుతయి."

ఇక్కడ మిమ్మల్ని చేయి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబెడతాను. ఎన్ని సినిమాల్లో చూశాం ఈ గొళ్ళెం? లోపల హీరో తలుపులు బాదుతాడు, చెమటలు కారుస్తాడు, రీరికార్డింగ్ మోగుతుంది, నాలుగో రోజు తలుపు తీస్తే కళ్ళలో తేట కనిపిస్తుంది, అవ్వ గోరుముద్దలు పెడుతుంది. ఇది చూసి నమ్మిన ఇళ్ళు ఎన్ని ఉంటాయో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. గంజాయి ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టదు, చిరాకు, దిగులు. ప్రాణానికి సాధారణంగా ముప్పు రాదు. కానీ రోజూ తాగే మద్యాన్ని, అల్ప్రాజోలం లాంటి గోళీలను బాగా అలవాటు పడ్డ శరీరం నుంచి ఒక్కసారిగా లాగేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే వైద్యులు ఆ మందును వారాల తరబడి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తారు. ఆ గొళ్ళెం వెనక తెలుగు ఇళ్ళలో ఎవరైనా చచ్చిపోతే, ఆ పాపంలో మన సినిమాకూ వాటా ఉంది.

రెండో రాత్రి. పైన ఫ్యాను తిరుగుతున్నా వాడి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చేతులు వణుకుతున్నాయి. గోడ మీద ఏదో పాకుతోందంటాడు. బయట వసారాలో పక్కింటాయన, గాలి సోకిందని, ఫలానా ఊళ్ళో చూసేవాళ్ళున్నారని చెబుతున్నాడు. ఇంకొకాయన గోడల మీద రాసుండే ‘తాగినవారికి తెలియకుండా తాగుడు మాన్పించే మందు’ తెప్పించమంటాడు. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉంటే, అది తెలియని మనిషి పైన మద్యం తాగితే ప్రాణం మీదికి వస్తుంది. ఇవేవీ అవ్వకు తెలియవు. తెల్లవారుజాము మూడు గంటలకు లోపల మంచం కోళ్ళు నేలకు టకటక కొట్టుకుంటున్న చప్పుడు వింటుంది. అప్పుడు గొళ్ళెం తీస్తుంది. బాపును అడగకుండా తీస్తుంది.

వాడు కింద పడి ఉన్నాడు. దవడ బిగుసుకుపోయింది, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. ఎవరో తాళాల గుత్తి చేతిలో పెట్టమంటారు, ఎవరో నోట్లో చెంచా పెట్టమంటారు. అక్క ఫోన్లో అరుస్తోంది: "నోట్ల ఏం పెట్టకుండ్రి! పక్కకు ఒరిగించుండ్రి. చుట్టూ సామాను తీసెయ్యుండ్రి. దవాఖానకు తీస్కపోండ్రి." ఈ నాలుగు మాటలూ ప్రేక్షకుడికి గుర్తుండిపోయేలా తీయాలి. థియేటర్ నుంచి బయటికి పోయేవాడు ఇంకేమీ మోసుకుపోకపోయినా ఇవి మోసుకుపోవాలి.

ఇప్పుడు సిరొంచ గ్రామీణ ఆస్పత్రి వార్డు. తెల్లవారి పది గంటలైంది. తెల్లవారుజామున కట్టిన సెలైన్ సీసా సగం ఖాళీ అయింది. వాడికి తెలివి వచ్చింది, కళ్ళు లోతుకు పోయాయి. పుణె వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు మరాఠీలో అవ్వను ఏదో అడుగుతాడు. ఈ తాలూకాలో బడి మరాఠీ, ఇల్లు తెలుగు. బడి మొహం చూడని అవ్వకు నాలుగు మరాఠీ మాటలే వచ్చు. కొడుకు వైపు చూస్తుంది.

"రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతున్నడు అవ్వా" అంటాడు కొడుకు.

"పట్టలేదని చెప్పురా."

డాక్టరు ఇంకోటి అడుగుతాడు. కొడుకు ఇంకేదో చెబుతాడు. అవ్వ తలూపుతుంది. డాక్టరు రాసుకుంటాడు. తెలుగు ప్రేక్షకుడికి ఒక పక్క మాటే తెలుస్తోంది, అవ్వకు తెలిసినంతే మనకూ తెలుస్తోంది. అప్పుడు చంద్రాపూర్ బస్సు దిగి నేరుగా వచ్చిన అక్క గుమ్మంలో బ్యాగు దించుతుంది. ఎంతసేపు అక్కడ నిలబడి విన్నదో.

"గది కాదవ్వా. గోళీలు ఎన్ని దినాల సంది మింగుతున్నడు, దినానికి ఎన్ని, ఇంట్ల ఇంకెవలకు అలవాటున్నది అని అడుగుతున్నడు. వీడు నీకు ఒకటి చెప్తున్నడు, ఆయనకు ఒకటి చెప్తున్నడు."

వార్డంతా నిశ్శబ్దమవుతుందని మీరనుకుంటారు. కాదు. పక్క మంచం మీద పిల్ల ఏడుస్తూనే ఉంటుంది, ట్రాలీ చక్రం కీచుమంటూనే ఉంటుంది. అవ్వ చీర కొంగుతో మొహం తుడుచుకుని కొడుకును అడుగుతుంది: "ఎన్ని దినాల సంది?" వాడు చెబుతాడు. తర్వాత ఆమె బాపు వైపు తిరుగుతుంది. "ఇంట్ల ఎవలకున్నదో నువ్వు చెప్పు." బాపు కిటికీ దగ్గరికి పోయి నోట్లోది ఉమ్మేసి వస్తాడు. ఆయన ఈ సినిమాలో మారే మొదటి క్షణం అది. ప్రసంగం లేదు.

మనవాళ్ళు ఇలాంటి కథలు చెప్పలేదని కాదు. 1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘గృహలక్ష్మి’ తాగుడు ఇంటిని ఎలా కూలుస్తుందో చూపింది. చిత్తూరు నాగయ్య మొదటి సినిమా అది. మరాఠీలో రామ్ గణేశ్ గడ్కరీ ‘ఏకచ్ ప్యాలా’ 1919లో రంగస్థలం ఎక్కింది. ఆ నాటకంలో మొదటి గ్లాసే చివరికి ఇంటిల్లిపాదినీ మింగుతుంది. రచయిత అదే ఏడాది జనవరిలో చనిపోయాడు, తన నాటకాన్ని వేదిక మీద చూడలేదు. ఈ గడ్చిరోలి జిల్లాలోనే వడసా కేంద్రంగా ఝాడీపట్టి నాటక సమాజాలున్నాయి. వరి కోతలయ్యాక చలికాలం రాత్రుళ్ళు ఊరూరా తెల్లవార్లూ కుటుంబ నాటకాలు ఆడతాయి. ఆ రంగస్థలం మీద ఎనిమిది వందల పాత్రలు వేసిన పరశురామ్ ఖునేకు 2023లో పద్మశ్రీ వచ్చింది. చాపల మీద కూర్చుని, చంకలో బిడ్డతో చూసే ఆ జనం ఏ మల్టీప్లెక్స్ ప్రేక్షకుడికీ తీసిపోరు. నా సినిమాకు మొదటి ప్రదర్శన అలాంటి మైదానంలో, ఒక తెల్లగుడ్డ మీద జరగాలి.

కానీ 1953లో ‘దేవదాసు’ వచ్చింది. నాగేశ్వరరావు గారి నటనకు చేతులెత్తి దండం పెడుతూనే ఒకమాట అంటాను. తాగి తాగి చచ్చిపోయేవాడి మీద తెలుగువాడికి ఉన్నంత ప్రేమ, మానేసి బతుకుతున్నవాడి మీద లేదు. మానేసినవాడు మనకు కథ కాదు. వాడు పొద్దున్నే లేచి బస్సెక్కి పనికి పోతాడు, సాయంత్రం చేతులు వణుకుతుంటే టీ తాగి ఊరుకుంటాడు. దాన్ని చూపించే ఓపిక మనకు లేదు. 2018లో వచ్చిన ఇంగ్లిషు సినిమా ‘బ్యూటిఫుల్ బాయ్’ ఆ ఓపిక చూపింది. ఒక తండ్రి, మత్తులో పడ్డ కొడుకు, ఇద్దరూ రాసుకున్న నిజ జీవిత పుస్తకాల మీద తీశారు. కొడుకు మానేస్తాడు, మళ్ళీ పడతాడు, మళ్ళీ మానేస్తాడు. చూసేవాడు విసిగిపోతాడు. ఆ విసుగే ఆ తండ్రి జీవితం.

అందుకే నా సినిమా ఆస్పత్రి దగ్గర అయిపోదు. వైద్యానికి జిల్లా కేంద్రం గడ్చిరోలికి పోవాలి, రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అడవి దారి, బస్సులో అవ్వ, కొడుకు. చికిత్సకు చేరతాడు. మందు కొద్దికొద్దిగా తగ్గిస్తారు, మాట్లాడతారు, ఇంటివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడతారు. బాపుకు పోలీసు భయం, కొడుకును తీసుకుపోతే కేసు పెడతారేమోనని. మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. అందులోని 64ఎ సెక్షన్ ప్రకారం కొద్దిపాటి మత్తుమందుతో పట్టుబడిన అలవాటున్నవాడు తనంతట తాను చికిత్సకు ముందుకొచ్చి, దాన్ని పూర్తి చేస్తే ఆ కేసులో విచారణ నుంచి రక్షణ ఉంది. ఈ ముక్క చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. తెలిస్తే కొన్ని గొళ్ళేలు త్వరగా తెరుచుకుంటాయి.

వాడు తిరిగొస్తాడు. ఏప్రిల్ గడుస్తుంది. మే నెలలో తునికాకు కల్లం. ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, కట్టలు కట్టి కల్లంలో ఇస్తారు. ఏడాదిలో చేతికి నోట్లు వచ్చే వారాలు అవి. ఒక సాయంత్రం వాడి జేబులో పైసలున్నాయి, ఎదురుగా వంతెన ఉంది. వాడు దాటుతాడు.

అవును, మళ్ళీ పడతాడు. చూస్తున్నవాళ్ళు ఛీ అంటారు. అననివ్వండి. మత్తు వ్యసనానికి చికిత్స పొందినవాళ్ళలో నూటికి నలభై నుంచి అరవై మంది మళ్ళీ ఒకసారైనా వెనక్కి జారతారని అమెరికాలో మత్తు వ్యసనాల మీద పరిశోధించే జాతీయ సంస్థ లెక్క. బీపీ మళ్ళీ పెరిగేవాళ్ళ లెక్కకు ఇది దగ్గరగానే ఉంటుందని అదే సంస్థ చెబుతుంది. బీపీ మళ్ళీ పెరిగినవాణ్ణి మనం ఛీ కొట్టం, మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకుపోతాం. అర్ధరాత్రి ఇంటికొచ్చిన కొడుకుకు ఈసారి అవ్వ తలుపు తీస్తుంది. కొట్టదు, ఏడవదు. బాపు లేచి కూర్చుంటాడు. అక్కకు ఫోన్ చేస్తాడు. "రేపు పొద్దున బస్సుకు మళ్ళ తీస్కపోతం" అంటాడు. ఆయన నోట్లో ఏమీ లేదు, మాట స్పష్టంగా వస్తోంది. ప్రేక్షకుడు గమనిస్తే గమనిస్తాడు, లేకపోతే లేదు.

ఇక్కడితో నా కథ ఆపుతాను. పెళ్ళి వద్దు, ఉద్యోగం వద్దు, చితి అసలే వద్దు. వాడు బతికి ఉన్నాడు, పొద్దున బస్సుంది.

ఎవరైనా దర్శకుడు ఇది చదివితే, కథ తీసుకోండి. పేరు వేయనక్కర్లేదు. సిరొంచలోనే తీయండి, ఇక్కడి తెలుగులోనే మాట్లాడించండి, గొళ్ళెం సీను మాత్రం నేను చెప్పినట్టే తీయండి. చదువుతున్నవాళ్ళలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి గది ఉంటే, సినిమా కోసం ఎదురుచూడకండి. మత్తు విడిపించే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14446. పైసలు పడవు. ముందు డాక్టరును అడగండి, ఆ తర్వాతే ఏ గోళీ అయినా ఆపండి. ఖర్రా తెమ్మని పిల్లల్ని మాత్రం ఈ రోజు నుంచే పంపకండి.